బండి మనది, పొగ ఎవరిది?

జిల్లా కార్యకర్తల సమావేశంలో పొగ మీద ఒక తీర్మానం పెడదామని నేనంటే కొందరు మిత్రులు నవ్వారు. "సారూ, భూమి కొట్లాట ఉన్నది, శ్మశానం జాగా గొడవ ఉన్నది, హాస్టల్ పిల్లల అన్నం సంగతి ఉన్నది. గాలి, పొగ అనేటివి కార్లల్ల తిరిగే పట్నపోళ్ళ ముచ్చట్లు. మనకెందుకు?" అన్నాడు ఒక పెద్దాయన. ఇరవై ఏండ్లుగా ఉద్యమంలో దెబ్బలు తిన్న మనిషి. నాకు అన్న లాంటివాడు. ఆయన మీద గౌరవం ఉంది కాబట్టే ఆ మాటకు అందరి ముందు, ఈ పేజీల్లో జవాబు చెబుతున్నాను.

అన్నా, కార్లల్ల తిరిగేటోళ్ళకు పొగ ఒక సమస్యే కాదు. అద్దాలు ఎక్కించుకుంటారు, ఏసీ వేసుకుంటారు, పాట పెట్టుకుని పోతారు. పొగలోకి ముక్కు తెరిచి, కండ్లు తెరిచి, ఛాతీ ముందు పెట్టి పోయేది మోటార్ సైకిల్ మీది మనిషి. ఆ మనిషి ఎవరో ఒక్క పొద్దున లేచి చూడు. ఆరు గంటలకు మన వాడ మూల మీద నిలబడి బండ్లు లెక్కపెట్టు. సుతారి పనికి పట్నం అడ్డాకు పోయే ఆలుమగలు, మున్సిపాలిటీలో చెత్త ఎత్తే కాంట్రాక్టు సఫాయి కార్మికులు, రైస్ మిల్లు హమాలీలు, దవాఖానల తుడిచే అక్క, రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చే వాచ్‌మన్, ఇంటర్‌తో చదువాగిపోయి హైదరాబాదులో అన్నం పొట్లాలు ఇంటింటికీ మోసే పిల్లగాడు. సద్దిగిన్నె హ్యాండిల్‌కు తగిలించి ఉంటుంది. మళ్ళీ పొద్దుగూకినంక ఏడు గంటలకు అదే తొవ్వన అదే బండ్లు తిరిగొస్తాయి. ఈ రెండు వేళల్లో రోడ్డు మీద ఉండేది మనవాళ్ళు. ఈ రెండు వేళల్లోనే పొగ నేల మీద కూర్చుని ఉంటుంది. ఇది మన సమస్య కాకపోతే ఎవరి సమస్య?

మన జాతికి బండికి ఉన్న సంబంధం ఏమిటో కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. 1929లో బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయి ప్రభుత్వం వేసిన ఒక కమిటీ సభ్యుడిగా విచారణకు వెళ్ళి తిరిగొస్తూ చాలీస్‌గావ్‌లో రైలు దిగాడు. అక్కడి మహర్లు ఆయన్ని తమ వాడకు తీసుకెళ్ళాలనుకున్నారు. స్టేషన్ దగ్గర టాంగాలున్నాయి. కానీ అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలితే తమ పరువు పోతుందన్నారు టాంగావాళ్ళు. బండి అద్దెకిస్తాం, మేం మాత్రం తోలం అన్నారు. చివరికి మహర్లలో ఒకతను, తోలడం చేతగానివాడు, కళ్ళేలు పట్టాడు. వంతెన దగ్గర చక్రం రాళ్ళలో ఇరుక్కుంది. బాబాసాహెబ్ ఎగిరి రాళ్ళ మీద పడ్డాడు, కాలు విరిగింది. అమెరికాలో, లండన్‌లో చదివిన బారిస్టర్ కాలు విరగ్గొట్టింది టాంగావాడి కులం.

అక్కడి నుండి ఇక్కడిదాకా రావడానికి మనకు దాదాపు వందేండ్లు పట్టింది. మా నాయన పటేండ్ల ఇండ్ల ముందు సైకిల్ దిగి, చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషి. నేను ఆ వీధిలోనే బండి మీద బడికి పోతున్నాను. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఇప్పటికీ ఇది అందరికీ దక్కిందీ కాదు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ బండి తోలినందుకు ఒక దళిత విద్యార్థి చేతులు నరికారని అట్రాసిటీ కేసు నమోదైంది. బుల్లెట్ చప్పుడు కొందరి చెవులకు ఇంకా బాంబు చప్పుడులాగే వినిపిస్తుంది. అందుకే చెబుతున్నా, మనవాడు బండి ఎక్కడమే ఒక పోరాటం. డౌన్ పేమెంటుకు భార్య పుస్తెలు కుదువబెట్టి, నెలనెలా కిస్తీ కట్టి, ఒక్క నెల తప్పితే ఫైనాన్స్ వాళ్ళు గుంజుకపోతారనే భయంతో బతుకుతూ నడుపుతున్న బండి అది. 2023 డిసెంబరు నుండి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు. మంచిదే. కానీ బస్సు వచ్చే ఊరికే కదా బస్సు ఉచితం! పొద్దున ఆరింటికి అడ్డాకు చేర్చే బస్సు లేని ఊళ్ళ ఆడవాళ్ళు మొగుని బండి వెనకే కూర్చుని పోతున్నారు.

సరే, బండి మనది. పొగ ఎక్కడిది?

నేను నల్లగొండ వైపు మనిషిని. మా దిక్కు పొగలు చాలా రకాలున్నాయి. రైస్ మిల్లుల ఊక బూడిద ఉంది, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఉంది, కంకర మిషన్ల దుమ్ము ఉంది, ఇటుక బట్టీల పొగ ఉంది, ఊరి చెత్తంతా తెచ్చి మన వాడ పక్కన పోసి అంటుపెట్టే పొగ ఉంది. అన్నిటి గురించీ రాస్తే పత్రిక మొత్తం చాలదు. ఈసారికి ఒక్క పొగ గురించి రాస్తాను. వరి కొయ్యకాళ్ళు కాలబెట్టిన పొగ.

నా చిన్నతనంలో కొయ్యకాళ్ళు కాలబెట్టడం ఇంతగా లేదు. ఎందుకు లేదు? కోసేది మనిషి కాబట్టి. మా అమ్మ, మేనత్తలు కొడవలి పట్టుకుని వంగి మడి మొదలంటా కోసేవాళ్ళు. పనలు వేసి, కట్టలు కట్టి, కుప్ప వేసి, కల్లంలో కొట్టేవాళ్ళు. గడ్డి వామి అయ్యేది. ఎద్దులకు, బర్లకు ఏడాది మేత. పొలంలో మిగిలేది నాలుగు వేళ్ళ ఎత్తు మొదళ్ళు, అవి నాగలికి లొంగేవి. కోత కాలంలో వచ్చిన కూలి గింజలే మా ఇంట్లో కొన్ని నెలల తిండి. నడుములు విరిగే పని, దాన్ని నేను గొప్పగా చెప్పడం లేదు. ఆ పని పోవాల్సిందే, కానీ ఆ తిండి కూడా పోవాలని ఎవరు రాశారు?

కోత మిషన్ వచ్చింది. నెల్లాళ్ళు ఊరి ఆడవాళ్ళంతా చేసే పనిని నాలుగు రోజుల్లో ముగించి లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. మిషను పైపైన కోస్తుంది. కింద జానెడు, మూరెడు కొయ్యలు వదులుతుంది, గడ్డిని వెనక వరుసగా కక్కుతుంది. ఆ గడ్డి ఏరి కట్టలు కట్టాలంటే మళ్ళీ ఇంకో మిషను కిరాయి. మేసే పశువులు సగం పైగా అమ్ముడుపోయాయి. తర్వాతి పంటకు నీళ్ళు వదిలే రోజు దగ్గర పడుతుంది. అన్నిటికన్నా అగ్గువ ఏమిటి? అగ్గిపుల్ల.

మన ఆడవాళ్ళ కూలి మిషను మింగింది. ఆ మిషను వదిలిపెట్టిన గడ్డి పొగై వచ్చి మన ఊపిరి మింగుతున్నది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

వ్యవసాయ శాస్త్రవేత్తల లెక్క ఒకటుంది. ఒక టన్ను గడ్డి కాలితే సుమారు 3 కిలోల సన్నటి నుసి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 1460 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తాయి. దాదాపు 199 కిలోల బూడిద మిగులుతుంది. భూమిలోని నత్రజని, పొటాష్ కూడా మంటలోనే పోతాయి. అంటే రైతు ముందు తన మన్నును కాల్చుకుంటాడు, తర్వాత ఎరువుల దుకాణంలో అప్పు చేస్తాడు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. అగ్గిపుల్ల గీసేవాడు చాలాసార్లు మనవాడే. భూమి ఆసామిది, ఆసామి హైదరాబాదులో ఉంటాడు, కౌలు మనవాడిది. లేదంటే ఆసామి ఫోన్ చేసి "రేపు ట్రాక్టర్ వస్తది, ఇయ్యాల మడి కాలబెట్టు" అంటే జీతగాడు కాలబెడతాడు. అధికారులు ఎప్పుడైనా కేసు పెట్టాలనుకుంటే అగ్గిపుల్ల పట్టుకున్న ఈ చెయ్యే దొరుకుతుంది. ఫోన్ పట్టుకున్న చెయ్యి దొరకదు. కాబట్టి మన డిమాండు కౌలురైతును జైల్లో వెయ్యమని కాకూడదు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ, పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో పంట వ్యర్థాలు కాల్చడాన్ని నిషేధించింది. ఆ తర్వాత కూడా ఏటా ఢిల్లీ పొగలో మునుగుతూనే వచ్చింది. గడ్డి ఏం చేయాలో చూపకుండా కాల్చొద్దంటే అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టే.

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం.

పొగ పైకి పోతుంది కదా, రోడ్డు మీద ఎందుకుంటుందని మా ఏడో తరగతి పిల్లలు అడుగుతారు. మామూలుగా నేల దగ్గర గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పొగను మోసుకుపోతుంది. వానాకాలం పంట కోసే కార్తీక మాసం రాత్రుల్లో నేల తొందరగా చల్లబడుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చని గాలి. పైన ఉన్న వెచ్చని పొర మూకుడు బోర్లించినట్టు పని చేస్తుంది. పొద్దుగూకిన దగ్గర నుండి తెల్లారి ఎండ ముదిరే దాకా పొగ ఆ మూకుడు కిందే ఉంటుంది. దానికి మంచు తోడైతే పది గజాల అవతల ఎద్దు కూడా కనపడదు. యాసంగి కోతలప్పుడు కథ వేరు. ఎండ, గాలి. మంట ఒక మడి నుండి ఇంకో మడికి దుంకుతుంది, పొగ ఒక్కసారిగా రోడ్డుకు అడ్డంగా గోడలా పడుతుంది. బండి మీదివాడికి ఆగాలా, పోవాలా తేల్చుకునే టైం ఉండదు.

కండ్లు మండి నీళ్ళు కారతాయి. ఊపిరితిత్తుల్లోకి నుసి పోతుంది. వీటన్నిటికన్నా దొంగది కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల బరువెక్కుతుంది, చూపు తిరుగుతుంది. మంచంలో ఉన్నవాడికి తల తిరిగితే మంచంలోనే ఉంటాడు. బండి మీదున్నవాడికి తల తిరిగితే లారీ కిందుంటాడు. గాలి విషమైనప్పుడు బండి కూడా మనిషిని కాపాడలేదని 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో లోకమంతా చూసింది. ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుండి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడితే జనం పరుగెత్తారు, బండ్లెక్కారు. పారిపోయే తొవ్వలోనే స్పృహ తప్పి రోడ్ల మీద కూలిపోయారు. 12 మంది చనిపోయారు. వరి పొగ అంత విషం కాదు, ఒప్పుకుంటాను. కానీ అది ఒక్కరోజు వచ్చి పోయేది కాదు, ఏటా రెండు కార్లకూ వచ్చేది.

నిరుడు వానాకాలం కోతలప్పుడు మా పక్క ఊరి వాడకు చెందిన ఆలుమగలు సుతారి పని నుండి తిరిగొస్తున్నారు. రాత్రి ఏడున్నర. రోడ్డుకు రెండు దిక్కులా మళ్ళు కాలుతున్నాయి. పొగలో వడ్ల బస్తాల ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉంది. వెనక లైటు లేదు, ఎర్ర రేడియం ముక్క కూడా లేదు. మనిషి అక్కడికక్కడే పోయాడు. ఆమెకు తుంటి ఎముక విరిగింది. వాళ్ళ చిన్నబిడ్డ మా బడిలోనే నాలుగో తరగతి చదువుతుంది. ఎఫ్ఐఆర్‌లో ఏం రాశారో తెలుసా? చనిపోయిన మనిషి బండిని అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి ఆగి ఉన్న ట్రాక్టర్‌ను ఢీకొట్టాడని. పొగ అనే రెండక్షరాలు ఆ కాగితం మీద లేవు. ట్రాలీకి లైటు లేదన్న మాట లేదు. ఆ కుటుంబం దవాఖాన నుండి ఇంటికొచ్చేసరికి ఆ మడి దున్నేశారు, నీళ్ళు పెట్టారు, నాటు వేయడానికి తయారుగా ఉంది. సాక్ష్యం మట్టిలో కలిసింది. ఇక బీమా కంపెనీ వకీలు కోర్టులో ఏమంటాడు? తప్పంతా నీ మొగునిదే అంటాడు. చచ్చినవాడే నేరస్తుడు. మన మీద జరిగే ప్రతి నేరంలోనూ చివరికి నేరస్తులం మనమే కావడం మనకు కొత్తా?

ఇప్పుడు చట్టం సంగతి. చదువుకున్న మన పిల్లలు ఈ భాగాన్ని వాడలో గట్టిగా చదివి వినిపించాలి.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మన బండి ఎక్కువ పొగ వదిలితే పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు అని రాశారు. రాష్ట్రంలో పోలీసులు ఎంత వసూలు చేస్తారనేది వేరే సంగతి, చట్టంలో రాసింది ఇది. 2024 జూలై 1 నుండి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 280వ సెక్షన్ ఉంది. చుట్టుపక్కల ఉండేవాళ్ళ, దారిన పోయేవాళ్ళ ఆరోగ్యం చెడేలా గాలిని పాడుచేసిన వాడికి అందులో శిక్ష ఎంత? వెయ్యి రూపాయల దాకా జరిమానా. అంతే. మన ఒక్క బండి పొగకు పదివేలు, ఊరి గాలంతా పాడుచేస్తే వెయ్యి! ఇంకొకటి చూడండి. ఫ్యాక్టరీల పొగ కోసం 1981లో చేసిన గాలి కాలుష్య చట్టంలో బోర్డు ఆదేశాలను ఉల్లంఘిస్తే ఏడాదిన్నర నుండి ఆరేండ్ల దాకా జైలు ఉండేది. 2023లో పార్లమెంటు జన్ విశ్వాస్ చట్టం చేసి ఆ జైలును తీసేసింది. పదివేల నుండి పదిహేను లక్షల దాకా కడితే చాలన్నది. జన్ విశ్వాస్ అంటే జనం మీద నమ్మకమట. ఏ జనం మీద నమ్మకమో సెక్షన్లు చదివితే తెలుస్తుంది.

గాలి బాగు చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం అని ఒకటి మొదలుపెట్టింది. దేశంలో దాదాపు 130 పట్టణాలను అందులో చేర్చింది. నల్లగొండ పట్టణం పేరు అందులో ఉంది. నల్లగొండ పల్లె లేదు. గాలి పట్టణం పొలిమేర దగ్గర పాస్‌పోర్టు చూపించి ఆగుతుందా? గాలి కొలిచే మిషను మా మండలంలో నేనెక్కడా చూడలేదు. కొలత లేదు కాబట్టి కాగితం మీద కాలుష్యం లేదు, కాలుష్యం లేదు కాబట్టి మన దగ్గు కూడా లేదు. మన దేశం పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఘనపు మీటరు గాలిలో సన్నటి నుసి రోజు సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలన్నది. కాలుతున్న మడి పక్క రోడ్డు మీద ఎంత ఉంటుందో కొలిచి చూపమని అడిగే హక్కు మనకుంది. కలుషితం కాని నీరు, గాలి రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ 21వ అధికరణ ఉన్న పుస్తకం ఎవరి కలం కింద తయారైందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర లేదు.

ఇంత చెబితే, "మాస్కు కట్టుకోండి, జాగ్రత్తగా నడపండి" అంటారు అధికారులు. మనవాళ్ళకు మాస్కంటే దస్తీ. ముక్కుకు దస్తీ చుట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుంది, అంతవరకు మంచిదే. కానీ పొగలోని సన్నటి నుసి వెంట్రుక మందంలో ఇరవయ్యో ముప్పయ్యో వంతు ఉంటుంది. దస్తీ నేతలోని సందులు దానికి దర్వాజాలంత. తడిపి కట్టినా పెద్ద తేడా ఉండదు. ఎన్-95 అనే మాస్కు ముఖానికి ఎక్కడా సందు లేకుండా అంటుకుంటే ఆ నుసిని నూటికి 95 పాళ్ళు ఆపుతుంది. గడ్డం ఉంటే సందు పడుతుంది. చెమటకు తడిసి నలిగితే పనికిరాదు. కార్బన్ మోనాక్సైడ్‌ను అది కూడా ఆపలేదు. రోజూ పొగలో పోయేవాడు ఎన్ని కొనుక్కోవాలి? పొద్దంతా రోడ్డు మీదే డ్యూటీ చేసే సఫాయి కార్మికుడికి, అన్నం పొట్లాలు మోసే పిల్లగాడికి మాస్కు కొనివ్వాల్సింది పని చేయించుకునే మున్సిపాలిటీ, కంపెనీ. మన కూలి డబ్బు కాదు.

అయినా పొగ రేపూ ఉంటుంది, మనం రేపూ బండెక్కాలి. అందుకని నాలుగు మాటలు చెప్పక తప్పదు. రోడ్డుకు అడ్డంగా పొగ కనపడితే అందులోకి దూరొద్దు. దూరం నుండే ఆగి, బండిని రోడ్డు దిగి పక్కకు పెట్టి, గాలి మళ్ళే దాకా చూడండి. పది నిమిషాలు ఆలస్యమైతే మేస్త్రీ తిడతాడు, తిట్టనీయండి. దూరిన తర్వాత తెలిస్తే నడిరోడ్డు మీద మాత్రం బ్రేకు కొట్టి ఆగొద్దు, వెనక వచ్చే లారీవాడికి మీరు కనపడరు. వేగం తగ్గించి, ఎడమ అంచు పట్టుకుని, హారన్ కొడుతూ బయటపడండి. లైటు డిమ్‌లో పెట్టండి. ఫుల్ లైటు వేస్తే వెలుగు పొగకు కొట్టి మళ్ళీ మన కండ్లలోనే పడుతుంది. హెల్మెట్ అద్దం దించితే నిప్పురవ్వలు కంట్లో పడవు. పసిపిల్లలను పెట్రోల్ ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టే అలవాటు మానండి. పొగ మొట్టమొదట తగిలేది ఆ పిల్లకే.

మన పోరగాళ్ళతో ఒక మాట. సైలెన్సర్ పీకి, ఇంకొకటి బిగించి వాడలో భళ్ళుభళ్ళుమని తిరుగుతున్నారు. ఆత్మగౌరవం చప్పుడులో ఉందనుకుంటున్నారు కాబోలు. నల్లపొగ కక్కే బండితో ముసలమ్మల మంచాల పక్క నుండి పోతూ జై భీమ్ అంటే, దగ్గు తెరలో ఆ ముసలమ్మకు జై భీమ్ వినపడదు. రాగి కోసం కరెంటు వైర్లు కాల్చి, చలిమంటకు పాత టైర్లు కాల్చి మన గాలి మనమే పాడుచేసుకుంటూ పటేలు మడి గురించి అడిగితే వాడు నవ్వుతాడు. ఇంజన్ ఆయిల్ టైముకు మార్చండి, పొగ సర్టిఫికెట్ చేతిలో ఉంచుకోండి. పోలీసుకు మన మీద ఇంకో సాకు ఇవ్వొద్దు.

పూర్వం ఊరు కట్టినప్పుడు మన గాలి వాళ్ళకు సోకకూడదని మనల్ని పొలిమేర అవతల పెట్టారు. మన నీడ పడకూడదన్నారు. ఇప్పుడు వాళ్ళ చెత్త, వాళ్ళ బట్టీ, వాళ్ళ కంకర మిషను, వాళ్ళ మడి పొగ మన ఇండ్లల్లోకి అడగకుండా వస్తున్నాయి. వాటికి అంటు లేదు! తీర్మానం చూసి నవ్విన అన్నకు నా జవాబు ఇదే. పొగ కూడా భూమి సమస్యే. భూమి ఎవరి చేతిలో ఉందో వాడే గడ్డిని ఏం చేయాలో తేలుస్తున్నాడు. ఊపిరి ఎవరిదో వాణ్ణి ఎవరూ అడగడం లేదు.

కార్యకర్తలు చేయాల్సిన పని చెబుతాను. కోతలకు ముందే గ్రామసభలో మూడు అంశాలు పెట్టించండి. మొదటిది, గడ్డి కట్టలు కట్టే మిషను ప్రభుత్వ ఖర్చుతో ఊరికి రావాలి. దాని మీద, గడ్డి ఎత్తి మోసే పని మీద మొదటి హక్కు కోత కూలి పోగొట్టుకున్న మన ఆడవాళ్ళ సంఘాలకు ఉండాలి. ఒక దెబ్బకు పొగా ఆగుతుంది, కూలీ వస్తుంది. రెండోది, రోడ్డు పక్క మళ్ళలో పొద్దుగూకినంక అగ్గి పెట్టకూడదని ఊరంతా ఒప్పుకోవాలి. ఒప్పుకోని పక్షంలో బాధ్యత పట్టా ఉన్న ఆసామిదే కావాలి, కౌలుదారుది, జీతగానిది కాదు. మూడోది, ఊరి చెత్త మన వాడ పక్కన కాల్చడం ఆ రోజు నుండే బంద్.

ప్రమాదం జరిగితే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. పొగ ఉండగానే సెల్‌ఫోన్‌లో ఫొటోలు, వీడియోలు తీయండి. కాలిన మడి సర్వే నంబరు, ఆగి ఉన్న వాహనం నంబరు, దాని వెనక లైటు ఉందా లేదా రాసుకోండి. పంచనామాలో పొగ అనే మాట రాసేదాకా అక్కడి నుండి కదలొద్దు. పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు ఆరు నెలల లోపే వేయించండి. ఆ గడువు నిబంధన 2022 ఏప్రిల్ నుండి పెట్టారు.

గ్రామసభ వినకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓకు దరఖాస్తు ఇవ్వండి. జనానికి హాని చేసేదాన్ని తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకుంది. పాత చట్టంలో ఇది 133వ సెక్షన్. దరఖాస్తు రెండు కాపీలు రాయండి, సర్వే నంబర్లు వేయండి, రోడ్డు పేరు వేయండి, రోజూ ఆ తొవ్వన పోయే బండ్లవాళ్ళ సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి. యాసంగి కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి. దరఖాస్తు మార్చి నెల దాటకుండా ఆర్డీఓ టేబుల్ మీద ఉండాలి.